ఇరవై కలిపితే నల్లబడ్డ నెమళ్లు

"నెమళ్లు జరీలో మెరిసిపోతాండాయమ్మా! షాపాయన ఆర్డరు మనకే ఇచ్చినాడు!"

ధర్మవరం నుంచి సింధూర నాయన గోవిందు ఫోన్‌లో అరిచిన అరుపు పెనుకొండ స్టేషన్లో పక్క బెంచీ వాళ్లకూ వినిపించింది. సింధూర ఫోన్ పెట్టేసి రోహిత్ భుజం మీద రెండు దెబ్బలు వేసింది. సంతోషం వస్తే ఆమెకు చేతులు ఆగవు.

"థ్యాంక్స్ అబ్బా! అప్పుడు నిన్ను అన్నేసి మాటలన్నా."

"అన్నీ గుర్తుండాయిలే. నా ప్రోగ్రాం కంటే మీ అవ్వ కండ్లు నయమన్న్యావు."

అనదూ మరి! వెలిసిపోయిన పాత చీర ఫోటోకు కంప్యూటర్ ప్రోగ్రాంతో కాస్త వెలుగు పెంచి నేతకు డిజైను చేసిమ్మంటే, ఈ హిందూపురం అబ్బాయి నెమళ్లను నల్లగా మాడ్చి పంపాడు. నాయన అలాగే నేసేశాడు. ఆ తగాదా తీర్చుకోవడానికే ఇద్దరూ సగం దారిలో పెనుకొండలో కలుసుకున్నారు. తగాదా తీరినా కలుసుకోవడం మానలేదు.

"ఇంతకీ ఏమైండె?"

"ఫోటోలో ఒక్కో చుక్క వెలుగుకు ఒక అంకె, సున్నా అంటే నలుపు. రెండువందల యాభైఐదు దాటగూడదు. నేను ఒక్క చుక్కతోనే చూసినా. రెండువందల నలభైకి ఇరవై కలిపితే రెండువందల అరవై. దాటినదాన్ని యాభైఐదు కాడికి కోసేసినా, సరిపాయ. మొత్తం చుక్కల వరసకు కలిపితేనేమో, ఆ ఇరవై గూడా వరస కొలతకే, అంటే రెండువందల యాభైఐదు దాకా పట్టే కొలతకే, ఒదిగిపాయ. రెండువందల అరవై దాంట్లో పట్టక, యాభైఐదు దాటంగానే మళ్లీ సున్నా కాడి నుంచి లెక్కబెట్టి నాలుగు చేసింది. నాలుగంటే నలుపే."

సింధూర నవ్వు ఆగింది. రెండిళ్లలోనూ పెళ్లికి ఒప్పుకున్నారు. ఆమె మాట ఒక్కటే మిగిలింది.

"అంటే ఒంటిగా పోయినోళ్లే మారాల. మీ ఇంటికొస్తే నేనూ అంతేనా? నా చీరల డిజైన్ల పని మూల బెట్టి?"

గూడ్సు బండి దడదడా దాటిపోయేదాకా రోహిత్ ఆగాడు.

"ఇరవైని తగ్గించి సరిజేయలేదు సింధూరా. ముందు వరసనే పెద్ద కొలతకు మార్చి, ఆమీట కలిపినా. మా ఇంట్లోనూ మారాల్సింది మేమే. అమ్మతో ఆ మాటే చెప్పినా."

"ఏమన్నాది?"

"ముందు గది నీ పనికే అన్నాది."

ఇంకా చూడని ఆ అత్తమ్మకు సింధూర మనసులోనే దండం పెట్టుకుంది. తడిసిన కళ్లు చున్నీతో తుడుచుకుని, మళ్లీ అతని భుజం మీద ఒకటి వేసింది.

"సరే అన్న్యానని చెప్పుపో. రేపు పొద్దున బండికి నాయన్ను తోడుకొని హిందూపురం వస్తాండా. గది ఖాళీ చేసి పెట్టు. టేబుల్ యాడ వేయాల్నో నేనే చూపిస్తా."