కప్ప గొంతు రాజుగారి లేసు పట్టెడ

మంజువాటిక రాజ్యాన్ని ఏలే ధవళకీర్తి మహారాజు ఒకనాడు వేటకు వెళ్లి, అడవి కొలనులో పీకల్లోతు నీళ్లలో నిలబడి పాట పాడుకుంటున్న ఒక మునిని చూశాడు. ముని పాట నిజంగానే బాగాలేదు. అయినా ఆ మాట ముని మొహం మీద అనకూడదు. రాజు అన్నాడు, పైగా పకపకా నవ్వాడు.

"నా గొంతు కప్ప గొంతులా ఉందన్నావు గదా, ఇకమీదట నీకూ ఆ గొంతే ఉండుగాక" అని ముని శపించాడు.

ఆ క్షణం నుంచి రాజు నోరు తెరిస్తే బెకబెక తప్ప మరో మాట రాలేదు. రాసి చూపబోతే తాటాకు మీద కూడా బెకబెకే పడింది.

దీనివల్ల రాజు కంటే ప్రజలకే ఎక్కువ కష్టం వచ్చింది. రాజు బెకబెకమంటే పన్నులు పెంచమన్నారని మంత్రి వక్రనాసుడు చెప్పేవాడు. అదే బెకబెకకు పొరుగున ఉన్న తామ్రగిరి మీద దండెత్తమన్నారని సేనాపతి చెప్పేవాడు. రాజు కాదు కాదని తల అడ్డంగా ఊపితే, "ఇంకా త్వరగా అంటున్నారు" అనేవాడు. చూస్తూండగానే పన్నులు పెరిగాయి, సైన్యం సరిహద్దుకు బయలుదేరింది. కోడిపుంజు మీదికొస్తే పారిపోయే వీరన్న చేతికి కూడా ఈటె ఇచ్చి లాక్కుపోయారు.

ఆ వీరన్న చెల్లెలే చెంగల్వ. కోట వెనుక కుట్టుశాలలో, అవ్వతో కలిసి తాతల నాటి తొక్కుడు యంత్రం మీద లేసు పువ్వులు కుట్టేది. అన్న వెళ్లిన దారినే కాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, తిన్నగా కొలను దగ్గరికి నడిచింది.

ముని పాడుతూనే ఉన్నాడు. చెంగల్వ చివరిదాకా కదలకుండా విన్నది.

"ఎలా ఉంది?" అన్నాడు ముని.

"పొడుగ్గా ఉంది స్వామీ."

ఇంతవరకూ ఎవరూ పాట చివరిదాకా ఉండలేదు. మునికి కళ్లు చెమర్చాయి. "కోపంలో శపించాను తల్లీ. వెనక్కి తీసుకోలేను గానీ దారి చెబుతాను. అడుగున గుడ్డ లేకుండా, దారం ఒక్కటే తనంతట తాను నిలబడే పట్టెడ ఒకటి రాజు మెడకు కట్టాలి. దానికి మనుషులు కాచిన నీళ్లు, మనుషులు విసిరిన గాలి, మనుషులు రాజేసిన నిప్పు తగలకూడదు" అన్నాడు.

కుట్టుశాలకు వచ్చి చెంగల్వ, అడుగున గుడ్డకు బదులు చెట్టు బంకతో చేసిన పల్చని పొరను యంత్రానికి బిగించింది. సూది టకటకమంటూ ఆ పొర మీద తీగలు, మొగ్గలు, వాటిని కలిపే సన్నని వలలు కుట్టింది. ఇక మిగిలింది పొరను కరిగించడం, ఆరబెట్టడం, ఇస్త్రీ చేయడం.

"అసలు పని ఇప్పుడే ఉంది" అన్నది అవ్వ. "చన్నీళ్లలో బంక కరగదు. గోరువెచ్చని నీళ్లు కావాలి. బంక మొత్తం ఉంచావో అప్పడంలా విరుగుద్ది. మొత్తం కడిగేశావో తడిసిన తోటకూరలా వాలిపోద్ది. పైన జారుడు పోవాలి, లోపల కాస్త మిగలాలి. ఏం చేసినా పిండకు."

చెంగల్వ పట్టెడను ఆకుల మధ్య పెట్టుకుని, నల్ల గొంగళి కప్పుకుని, అడవిలోని వేడినీళ్ల ఏటికి చేరింది. అక్కడ నీళ్లలోంచి సహజంగానే ఆవిరి లేస్తుంది. ఒడ్డున కొండంత రాక్షసి కూర్చుని ఒక బండరాయిని పీచుతో తోముతున్నది.

"మురికి పిల్లా, దిగు, తోముతాను" అన్నది రాక్షసి. "మొన్న ఒక పులిని తోమాను. చారలన్నీ పోయాయి. సిగ్గుపడి గుహలోంచి బయటికి రావడం మానేసింది."

ఈ చేతుల్లో పడితే పట్టెడలో బంకే కాదు, దారం కూడా మిగలదు. ఆమె గబుక్కున గొంగళి తీసి ఇచ్చింది. "ముందు దీని పని చూడు పెద్దమ్మా. ఎంత ఉతికినా ఈ నలుపు వదలడంలేదు. నీవల్ల కూడా కాదేమో."

"నావల్ల కాదా?" అని రాక్షసి గొంగళిని బండకేసి బాదడం మొదలుపెట్టింది. అది నల్లగొర్రె బొచ్చుతో నేసిన గొంగళి. ఎన్నటికీ తెల్లబడదు. ఈలోగా చెంగల్వ పట్టెడను నీళ్లలో ఉంచి మెల్లగా ఊపింది. పొర మంచులా కరిగి, పువ్వుల మధ్య కిటికీలు తెరుచుకున్నాయి. వేళ్ల మధ్య జారుడు పోయి, రవ్వంత అంటుకుంటున్నట్టు అనిపించగానే బయటికి తీసి, రెండు అరటాకుల మధ్య అద్ది నీళ్లు కార్చింది. పిండలేదు. వెళ్లొస్తానని చెప్పినా రాక్షసి తల ఎత్తలేదు.

తడి పట్టెడను వేలాడదీస్తే తీగలు సాగిపోతాయి. చెంగల్వ ఒక చదునైన బూరుగు బెరడు మీద దాన్ని పరిచి, వంకరలు సర్ది, ప్రతి మొగ్గ అంచునా తుమ్మముల్లు గుచ్చింది. దాన్ని తలపై పెట్టుకుని గండభేరుండం ఉండే కొండ ఎక్కింది. ఆ పక్షికి తలలు రెండు, పొట్ట ఒకటి. తలలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి.

"కొంచెం గాలి పెడతారా అన్నయ్యలూ?"

"తూర్పు గాలి పెడతా" అన్నది కుడి తల.

"పడమటి గాలి తప్ప పెట్టనివ్వను" అన్నది ఎడమ తల.

రెండూ ఒకేసారి ఊదాయి. బెరడు గిరగిరా తిరిగింది, చెంగల్వ దాన్ని వాటేసుకుని తనూ తిరిగింది. కళ్లు తిరగడం ఆగాక ఆమె కుడి తల చెవి దగ్గరికి వెళ్లి, "గట్టిగా ఊదడం అందరికీ వచ్చు, మెల్లగా ఊదడం నీకు చేతకాదని ఎడమన్నయ్య అంటున్నాడు" అన్నది. ఎడమ తల చెవి దగ్గరికి వెళ్లి అదే మాట కుడన్నయ్య పేరుతో చెప్పింది. అంతే, రెండు తలలూ పంతం పట్టి, పసిపిల్లను నిద్రపుచ్చేంత మెత్తగా ఊదాయి. నీడలో, నిలకడైన గాలికి పట్టెడ చక్కగా ఆరింది. ముళ్లు తీస్తే ఒక్క మొగ్గ కూడా ముడుచుకోలేదు.

చివరికి నిప్పుల గుట్ట మీద కణకణుడనే భూతాన్ని కలిసింది. వాడి అరచెయ్యి ఇస్త్రీపెట్టెంత నున్నగా, వేడిగా ఉంటుంది. కానీ నవ్వితే మంటలు లేస్తాయి, ఏడిస్తే మంచుగడ్డవుతుంది. మనిషిని చూసిన సంతోషంతో వాడు నవ్వగానే పక్కనున్న గడ్డి భగ్గుమన్నది. చల్లార్చడానికి చెంగల్వ తన అన్నను యుద్ధానికి లాక్కుపోయిన సంగతి చెప్పింది. వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు, అరచేతిలో మంచు పేరుకుంది.

వీడికి నవ్వూ రాకూడదు, ఏడుపూ రాకూడదు. చెంగల్వ ఆలోచించి, ఊళ్లో రోజూ దండోరా వేసే మంత్రిగారి పన్నుల ప్రకటన అప్పజెప్పడం మొదలుపెట్టింది. "యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గుమ్మడి పాదులు గోడ మీదికి పాకినచో గోడ పన్నును, గోడ దిగినచో నేల పన్నును..."

కణకణుడి కళ్లు మూతలు పడ్డాయి. అరచెయ్యి హాయైన వేడికి వచ్చింది. చెంగల్వ పట్టెడను బోర్లా పరిచి, పైన పల్చని గుడ్డ కప్పి, ఆ చేతిని ఎత్తి ఎత్తి అద్దింది. రుద్దలేదు. గుడ్డ తీసేసరికి పట్టెడ తనంతట తాను నిలబడింది. ఆ అలసటలోనూ చెంగల్వకు నవ్వొచ్చింది.

చెంగల్వ కొలువుకు వచ్చేసరికి సేనాపతి సరిహద్దు నుంచి యుద్ధభేరికి అనుమతి అడిగించాడు. రాజు తల బాదుకుంటూ బెకబెకమంటున్నాడు.

"సరేనన్నారు" అన్నాడు వక్రనాసుడు.

చెంగల్వ సింహాసనం మెట్లు ఎక్కి రాజు మెడకు పట్టెడ కట్టింది.

"బెక" అన్నాడు రాజు.

వక్రనాసుడు నవ్వాడు. చెంగల్వ పట్టెడను అంగుళం అంగుళం తడిమింది. వెనుక ఒక మొగ్గ కింద కత్తిరించని దారపు కొస ఒకటి వేలాడుతూ రాజు మెడకు గిలిగింతలు పెడుతున్నది. ఆమె వంగి దాన్ని పళ్లతో కొరికేసింది.

"బెక బెక... నా ఎడమ చెప్పులో ముల్లుందిరా" అన్నాడు రాజు. తన మాట తనకే వినబడి ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా మంత్రి వైపు తిరిగాడు. "వేటనాటి నుంచీ ఇదే మొత్తుకుంటున్నాను. పన్నులెవరు పెంచమన్నారు? యుద్ధమెవరు చెయ్యమన్నారు?"

రాజు వక్రనాసుడి పదవి పీకేసి చెంగల్వను మంత్రిని చేశాడు. సైన్యం వెనుదిరిగింది. వీరన్న ఈటె ఎక్కడో పారేసి, చంక నిండా దోసకాయలతో ఇల్లు చేరాడు.

మర్నాడే తామ్రగిరి యువరాజు నీలకేతు, తన దోసతోటలు తొక్కించినందుకు తగువు పెట్టుకోవడానికి వచ్చాడు. కొత్త మంత్రిని చూసి తగువు మరిచిపోయి భోజనానికి ఉండిపోయాడు. మర్నాడు కూడా ఉన్నాడు. ఆ పై యేడు పెళ్లి కుదిరింది.

పెళ్లికి ఇద్దరూ లేసు పట్టెడలే కట్టుకోవాలని, ఎవరి పట్టెడ వారే కడుక్కోవాలని చెంగల్వ షరతు పెట్టింది. నీలకేతు ఎంతో శ్రద్ధగా కడిగి, అలవాటు కొద్దీ తువ్వాలులా పిండేశాడు. పెళ్లిపీటల మీద వధువు మెడలో పట్టెడ నిటారుగా నిలబడితే, వరుడిది ఉడికిన కాకరకాయలా వాలిపోయింది. అక్షింతలు వేయడానికి వచ్చిన అవ్వ దాన్ని వేలితో ఎత్తి చూసింది. "మళ్లీ కుట్టిపెడతాలే నాయనా" అన్నది.