పంచెకి ప్రవేశం లేదు

"సారీ అండీ. ఈ రెస్టారెంట్‌లోకి పంచెతో రాకూడదు. ప్యాంటు, కాలర్ షర్టు, బూట్లు ఉండాలి," అంది జెస్సికా, చిరునవ్వు చెరగకుండా.

ఎదురుగా నిలబడ్డ పెద్దాయన తన తెల్లపంచెకున్న ఎర్రంచు వంక చూసుకున్నాడు. పక్కనే అలాంటి ఎర్రంచు తెల్లచీరలోనే ఉంది ఆయన భార్య. "అలాగేనమ్మా" అని ఇద్దరూ వెనుదిరిగారు.

మంగినపూడి తీరంలోని నీలిగవ్వ రిసార్ట్‌లో చేతికి నీలం బ్యాండు కట్టారంటే ఇక తిండికి కొదవ లేదు. పొద్దున ఇడ్లీ నుంచి రాత్రి ఐస్‌క్రీం దాకా అన్నీ గది అద్దెలోనే. స్విమ్మింగ్ పూల్ పక్కన తడిబట్టలతోనే బజ్జీలు తినొచ్చు, పెద్ద హాల్లో నిక్కరుతోనే బిర్యానీ లాగించొచ్చు. పట్టింపంతా 'వెన్నెల' రెస్టారెంట్ దగ్గరే. అద్దాల గోడలు, కొవ్వొత్తులు, అవతల సముద్రం. దాని గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళ బట్టలు చూసి లోపలికి పంపడం జెస్సికా ఉద్యోగం. భవానీపురం పిల్ల, రూలంటే రూలే.

ఆ సాయంత్రం ఆమె మనసు మాత్రం రూల్స్ మీద లేదు. దుర్గాశంకర్ వస్తానన్నాడు. చల్లపల్లిలో వాళ్ళది మగ్గాల ఇల్లు. రిసార్ట్‌కి టేబుల్ క్లాత్‌లు నేసి ఇచ్చేది అతనే. నెలనెలా బట్ట దింపడానికి వచ్చి, గంటలో అయ్యే పనికి పూటంతా ఉండిపోయి, ఈ బూట్లలో మీ కాళ్ళు ఎప్పుడైనా సముద్రాన్ని చూశాయా అని ఆమెని ఏడిపిస్తాడు. ఈసారి గెస్ట్‌గా వస్తున్నానని, ఆమె తప్పకుండా డ్యూటీలో ఉండాలని ఫోన్ చేశాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. అప్పట్నుంచీ జెస్సికా నేల మీద నడవడం లేదు.

వచ్చాడు. మడత నలగని ప్యాంటు, మెరిసే బూట్లు.

"అమ్మా నాన్నా కూర్చున్నారా అండీ? కారు పెట్టి వచ్చేసరికి ఆలస్యమైంది."

జెస్సికా గబుక్కున గుమ్మం బయటికి చూసింది. "ఎర్రంచు పంచె కట్టుకున్నారా?"

"మధుపర్కాలండీ. ఇవాళ వాళ్ళ పెళ్ళిరోజు. పెళ్ళికి నాన్న సొంతంగా నేసుకున్నవి. ఏటా ఈ రోజు అవే కట్టుకుని పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు." కాలర్ సర్దుకున్నాడు. "ఈసారి వాళ్ళకి మిమ్మల్ని చూపిద్దామని తీసుకొచ్చాను."

ఎన్నాళ్ళనుంచో వినాలనుకున్న మాట ఇలాంటప్పుడు వినాల్సి వచ్చింది.

"నేనే వెనక్కి పంపేశాను," అంది మెల్లగా. కంగారులో రిసెప్షన్‌లో అద్దె ప్యాంట్లు ఉంటాయని కూడా అనేసి నాలుక కరుచుకుంది.

"మధుపర్కం విప్పి ప్యాంటు వేసుకోమనాలా?" అతను నవ్వలేదు. గబగబా ఇసుకలోకి వెళ్ళిపోయాడు.

అద్దంలోంచి చూసింది. చంద్రుడు నీళ్ళలోంచి అప్పుడే పైకి వస్తున్నాడు. అలల అంచున ఆ ఇద్దరూ కూర్చుని స్టీలు క్యారియర్ విప్పుతున్నారు. అన్నీ అద్దెలోనే అంటే నమ్మని ఆ తల్లి ఇంటినుంచి పులిహోర కట్టుకొచ్చినట్టుంది. జెస్సికాకి ఏడుపొచ్చింది. రేపు పొద్దున్నే వాళ్ళు వెళ్ళిపోతారు. తనని గుమ్మంలోంచి తరిమిన పిల్లగా గుర్తుపెట్టుకుంటారు.

గుమ్మం అనుకోగానే ఆమెకి తట్టింది. రూలు ఆ అద్దాల తలుపు వరకే. అడిగినవాళ్ళకి ఇసుకలో టేబుల్ వేస్తారు. అక్కడ డ్రెస్ కోడ్ లేదు, చెప్పులు కూడా అక్కర్లేదు. మేనేజర్ తిరుపతిరావుని అడిగితే, ఇసుక మీద తన పెత్తనం లేదని మొహం తిప్పుకున్నాడు. అదే అనుమతి.

టేబుల్ తనే వాళ్ళ దగ్గరికి మోసింది. దాని మీద చల్లపల్లి బట్ట పరిచింది, కొవ్వొత్తి పెట్టింది. "తప్పు నాదండీ. మనిషిని చూడకుండా పంచెని చూశాను," అంది.

దుర్గాశంకర్ తల్లి బాలత్రిపురసుందరి ఆమెని ఎగాదిగా చూసింది. "ముందు ఆ బూట్లు విప్పమ్మా. ఇసుకలో నడవలేకపోతున్నావు."

బూట్లు విప్పింది. చల్లటి అల వచ్చి పాదాలు తడిపి వెళ్ళింది. ఆవిడ జెస్సికా అరచేతిలో పులిహోర పెట్టింది. అది తింటుంటే, ఈ సముద్రం పక్కన ఇన్నాళ్ళూ ఉద్యోగమే చేశానని, ఇవాళే దాని దగ్గరికి వచ్చానని అనిపించింది జెస్సికాకి.

దుర్గాశంకర్ మళ్ళీ ఏడిపించడం మొదలుపెట్టాడు. "మీ ఇంటికి రావాలంటే డ్రెస్ కోడ్ ఏమిటండీ?"

"మా నాన్న ఆదివారం చర్చికి పంచెతోనే వెళ్తారు. మీరూ పంచె కట్టుకునే రండి."

అతను తెల్లమొహం వేశాడు. మగ్గాల ఇంట్లో పుట్టాడే గానీ, పంచె కట్టుకోవడం రాదట. వాళ్ళమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మీవాళ్ళకి పెళ్ళికి తెల్లచీరేగా అమ్మా?" అంది నవ్వాపుకుని.

"అవునండి. తెల్లదే."

తండ్రి సాంబమూర్తి చెయ్యి కడుక్కుని, పంచె అంచుకి తుడుచుకున్నాడు. "మాకూ తెల్లదే. వీడికి కట్టుకోవడం నేను నేర్పుతాలే. అంచు ఏ రంగు వెయ్యమంటావో నువ్వు చెప్పమ్మా."

జెస్సికా దుర్గాశంకర్ వంక చూడలేదు. వెన్నెల్లో ఆ పాత పంచె అంచునే చూసింది.

"సన్నగా ఎరుపు వెయ్యండి, మావయ్యగారూ."