అల్లినవాళ్లే విప్పాలి

"ఏటి బాబూ, ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ సదువుతన్నావు, లోపలికీ బయటికీ తేడా తెల్దేటి?"

తాడు భుజానికి చుట్టుకుపోయి కదల్లేక అడిగింది తులసి. ఆ చుట్టు చుట్టిన ఉమాశంకర్ సిగ్గుతో నవ్వాడు. జడ కోలాటంలో పన్నెండు మంది ఆడుతూ, పైనుంచి వేలాడే పన్నెండు తాళ్లను జడలా అల్లాలి. మళ్లీ అవే అడుగులు వెనక్కి వేస్తూ విప్పాలి. అతను లోపలికి వెళ్లాల్సిన చోటల్లా బయటికి వెళ్తాడు.

"నువ్వే నేర్పీ," అన్నాడు.

తులసి చేతులు వెనక్కి దాచుకుంది. మూడేళ్లుగా వాటిమీద తెల్ల మచ్చలు. బొల్లి అంటుకోదని డాక్టరు చెప్పినా, శ్రీకూర్మం దగ్గరి ఆ పల్లెలో ఆమె చేతి చేపను ఎవరూ కొనరు. ఒకరు తగ్గారని గురువు ఎర్రన్న పిలిస్తేనే ఆటలోకి వచ్చింది.

"దాసుకోకు. నాకు అడుగు సూపించే సేతులవి."

ఆ మాట నాలుగు రోజులు ఆమె చెవిలోనే ఉండిపోయింది. అతనంటే ఇష్టం పుట్టింది, భయమూ పుట్టింది.

అమ్మవారి పండుగ నాడు, జడ సగం అల్లేసరికి శంకర్ తల్లి లక్ష్మణమ్మ జనంలోంచి లేచింది.

"ఆ సేతుల్తో అమ్మోరి ముందరేటే? ఇవతలికి రా!"

డోలు ఆగింది. తులసి కళ్లు నిండాయి. తాడు మీద పట్టు సడలింది.

"తాడు వొగ్గీకమ్మా!" ఎర్రన్న అరిచాడు. "అల్లినోలే ఇప్పాల. ఈ తులసి గుంట ఎల్లిపోతే జడ ముడిపడిపోతాది. అమ్మోరి ముందర అది ఊరికి మంచిదేటి లచ్చనమ్మా? నువ్వే సెప్పు."

లక్ష్మణమ్మ తిరిగి కూర్చుంది. డోలు మళ్లీ మోగింది. అల్లడం ముగించి విప్పడం మొదలుపెట్టారు. తల్లి మాటకు మనసు చెదిరిన శంకర్ ఎప్పటిలాగే బయటికి కదిలాడు. ఇంకొక్క అడుగు వేస్తే ముడి పడిపోతుంది.

"లోపలికి శంకర్! నా తాడు కిందనుంచి!" తులసి అరిచింది.

అతను తల వంచి దూరాడు. పాయ తర్వాత పాయ విడింది. పన్నెండు తాళ్లూ గాలికి విడివిడిగా ఊగాయి.

పూజయ్యాక లక్ష్మణమ్మ చలిమిడి పంచుతూ వచ్చింది. తులసి చెయ్యి చాచలేదు. శంకర్ ఆమె చేతుల కింద తన చేతులు పెట్టి పైకెత్తాడు.

"అమ్మా, ఈ పిల్లంటే నాకిష్టం. తను ఒప్పుకుంటే మనువాడతాను."

తులసి చేతులు వెనక్కి తీసుకోలేదు.

లక్ష్మణమ్మ ఆ నాలుగు చేతులనూ చూసింది. తర్వాత తులసి అరచేతిలో చలిమిడి పెట్టి, ఆ మచ్చల వేళ్లను తన చేత్తోనే ముడిచింది.

"సిన్నప్పట్నుంచీ ఆడికి అడుగు తప్పుతాదే. నువ్వే సూసుకోవాల," అంది.