వెనక్కి జరగని సీటు

"ఈ సీటు ఇంకొంచెం ముందుకు జరగాలి."

"నీ కాళ్ళు ఇంకొంచెం పొడుగవ్వాలి."

మొదటి రోజే గొడవ. పడక్కుర్చీలోలా వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్ అది. మనిషి ఎత్తును బట్టి సీటు జరుపుకోవచ్చు కాబట్టి పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ ఒకటే బండి. డిజైన్ చేసినవాడికి పొగరు. తొక్కి చూసి తప్పులు చెప్పడానికొచ్చిన అమ్మాయి అందులో రెండాకులు ఎక్కువే చదివింది.

కొన్నాళ్ళకి ఆ పొగరు ఎటు పోయిందో గానీ, ఆమె రాని రోజు మనవాడికి చేతిలో స్పానర్ పెట్టుకుని స్పానర్ కోసం వెతకడం అలవాటైంది. గేటు చప్పుడైతే చాలు, గుండె అటే పరిగెత్తేది.

ఇవాళ ఆఖరి ట్రయల్. బండి బాగుందంటే ఆమె ఇక రాదు. బయట వాన. షెడ్డులోనే రెండు చుట్లు తొక్కి ఆపింది.

"పెడల్ గట్టిగా ఉంది కదూ?" ఆశగా అడిగాడు.

"వెన్నలా ఉంది."

"పోనీ, బ్రేకు?"

"బ్రహ్మాండం," అంది, అదేదో చెడ్డ వార్తలా.

మనవాడు ఇంకేదైనా వంక దొరుకుతుందేమోనని చక్రాలకేసి చూశాడు.

అంతలో వర్క్‌షాప్ ఓనరు, అంటే వాడి బాబాయి, గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. తలుపులోంచి వంగి రావాల్సినంత పొడుగు మనిషి.

"ఏదమ్మా, నన్నూ ఓసారి తొక్కనీ."

"కూర్చోండి సార్," అంటూ దిగింది.

కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. సీటు వెనక్కి లాగాడు. కదిలితే ఒట్టు.

"ఎవరికైనా సరిపోతుందన్నావు కదరా! ఈ అమ్మాయికి తప్ప ఎవరికీ సరిపోయేలా లేదే?"

"సీటు కింది పట్టాల వెనక కొస, సీటుకి తగిలించిన తన బ్యాగుకి తగులుతోందంది. అందుకని కోసేశాను బాబాయ్."

"మరి మిగతా జనం సంగతో?"

"మిగతా జనం గుర్తు రాలేదు."

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఇక దాచి లాభం లేదని ఆమె వైపు తిరిగాడు. "రేపట్నుంచి నువ్వు రావంటే, ఈ షెడ్డు తలుపు తియ్యాలనే లేదు నాకు."

ఆమె వానకేసి తిరిగి మెల్లగా చెప్పింది.

"నా బ్యాగుకి ఏదీ తగల్లేదు."

"మరెందుకలా చెప్పావు?"

"ఏదో ఒక తప్పు చెప్తే ఇంకో రోజు రావచ్చని."

ఇన్నాళ్ళూ తనొక్కడికే అనుకున్న బెంగ ఆమెకీ ఉందని తెలిసి, వాడికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"మీ సంగతి తర్వాత తేల్చుకుందురు గానీ, ముందు నన్ను దీన్లోంచి లేపండర్రా!" కిందనుంచి బాబాయి కేక.

ఆమె వెళ్ళి చెయ్యి అందించింది.

"లేవండి మావయ్యగారూ."