మేడమీద గట్టు గేమ్స్

కొవ్వూరులోని ఆ ఇంట్లో పొద్దున్నే ఇడ్లీలు దింపుతుండగా ఫోన్ మోగింది. లక్ష్మీనరసమ్మ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని రిసీవర్ ఎత్తింది.

“హైదరాబాద్ నుంచి ఎవరో అమ్మాయి. నీకేనంట,” అంటూ కోడలికి అందించింది.

మంజుష వింటూ వింటూ గోడకు చేరబడింది. “పోయిన నెలలోనే చెప్పారా? ఎవరికి?” అని మాత్రం అడిగింది. ఫోన్ పెట్టేసి మేడమెట్లు ఎక్కింది.

మేడమీద గదికి ‘గట్టు గేమ్స్’ అని పేరు పెట్టింది ఆమే. పెళ్లయిన కొత్తలో భర్త సూర్యతేజ ఉద్యోగం మానేసి, సెల్‌ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేద్దామన్నాడు. ప్రోగ్రాం అతను రాసేవాడు, బొమ్మలు ఆమె వేసేది. అగ్గిపెట్టంత తెరలో గోదావరిని పట్టించడానికి ఆమె పడని పాట్లు లేవు. ఇసుక మేటలు తప్పించుకుంటూ లాంచీని అవతలి ఒడ్డుకు చేర్చే ‘రేవు’ అనే ఆట అలా పుట్టింది. ఓ ఫోన్ కంపెనీ తీసుకోవడంతో ఎక్కడెక్కడివాళ్లో ఆడారు. ఒకసారి రాజమండ్రి బస్సులో కాలేజీపిల్ల ఒకతె లాంచీని ఒడ్డు చేర్చి “వచ్చేశా!” అని కేక పెడితే, వెనక సీట్లో మంజుష భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. పని పెరిగింది. దుర్గాసాయి, ఇంకో ఇద్దరు చేరారు. మధ్యాహ్నం అందరికీ లక్ష్మీనరసమ్మే వడ్డించేది.

తర్వాత వేలితో తాకే ఫోన్లు వచ్చాయి. వీళ్ల ఆటలు వాటిలో నడవలేదు. కంపెనీ తీసుకోవడం మానేసింది. దుర్గాసాయి బెంగళూరు వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ తలో దారీ చూసుకున్నారు. గదిలో భార్యాభర్తలే మిగిలారు.

“హైదరాబాద్‌లో ఆటల కంపెనీవాళ్లు నాకు ఉద్యోగం ఇస్తామన్నారంట. పోయిన నెలలోనే మీకు చెప్పారంట,” అంది మంజుష గుమ్మంలోనే నిలబడి.

సూర్యతేజ తెరమీంచి కళ్లు తిప్పలేదు. “ఇద్దరి పనీ కలిపి పంపించాను. ఇద్దర్నీ తీసుకుంటారనుకున్నాను. నీ బొమ్మలే కావాలన్నారు.”

“నాతో ఎందుకు చెప్పలేదండీ?”

“ఏమని చెప్పను? నన్ను వద్దన్నారు, నువ్వెళ్లు అనా?” అతని గొంతు పెరిగింది. “నువ్వెళ్తే ఈ గదిలో నేనేం చెయ్యను? కొత్త ఆట సగంలో ఉంది.”

“ఆ సగం ఎవరి కోసమండీ? తీసుకునేవాళ్లు లేరని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మూసేద్దామంటే మీరేమైపోతారోనని రోజూ ఆ మాట మింగేసి బొమ్మలేస్తున్నాను. మీరేమో నా జవాబు కూడా మీరే చెప్పేశారు! ఏం చెప్పారు వాళ్లకి?”

అతను తలదించుకున్నాడు. “ఇంట్లో ఒప్పుకోవట్లేదని.”

“ఇంట్లో అంటే నేనేగా?” వెనకాలే మెట్లెక్కి వచ్చిన లక్ష్మీనరసమ్మ ఆయాసంతో అంది. “నేనెప్పుడు వద్దన్నాన్రా?”

సూర్యతేజ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. అతను అలా ఏడవడం మంజుష ఎప్పుడూ చూడలేదు. వెళ్లి అతని పక్కనున్న తన కుర్చీలో కూర్చుంది.

“అప్పుడే అడిగుంటే నేనే వద్దనేదాన్నండి. ఇప్పుడు మాత్రం వెళ్తాను.”

“నా మీద కోపంతోనా?”

“కోపం ఉంది. కొన్నాళ్లు ఉంటుంది కూడా. కానీ నేను వేసినవి మళ్లీ ఎవరో ఒకరు ఆడితే చూడాలనుంది.”

ఆ పూటే అతను ఆమె ఎదుట హైదరాబాద్‌కి ఫోన్ చేసి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. వాళ్లు ఆమెను రమ్మన్నారు. గది మూసేస్తూ ఇద్దరూ కలిసి కంప్యూటర్లు సర్దారు. కొత్త ఫోన్ల ప్రోగ్రాములు నేర్చుకున్నాక తనూ హైదరాబాద్ వస్తానన్నాడు.

ప్రయాణం నాటి సాయంత్రం రాజమండ్రి స్టేషన్‌లో ఆమెను రైలెక్కించాడు. రైలు గోదావరి వంతెన మీదికి రాగానే కింద నీళ్లు ఎర్రగా మెరిశాయి. మంజుష ఉండబట్టలేక ఫోన్ చేసింది.

“ఏవండీ, పక్కన మీరు లేకుండా నాకు గీత పడుతుందంటారా?”

అవతల ఇంకా ప్లాట్‌ఫారం గోల వినిపిస్తోంది. “పడుతుంది మంజూ,” అన్నాడతను. “పడ్డాక మొదటి బొమ్మ నాకు చూపించు.”

“మీకే,” అంది. ఇంకేదో అనబోయింది గాని ఏడుపు ముంచుకొచ్చింది. అతను ఫోన్ పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.