గురువారపు గీత

ఆ ఉదయం నిరీక్షణ పటంలో గీతలన్నీ గడ్డిపరకల్లా పొట్టిగా ఉన్నాయి, ఒక్కటి తప్ప.

కాకినాడలోని ఆ క్లినిక్‌లో రోగులు కాచుకుని కూర్చోవడం ఎప్పుడో పోయింది. మణికట్టు మీద అతికించే పిలుపుబిళ్ళ, డాక్టరు ఖాళీ అయ్యే వేళను లెక్కగట్టి, ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాలో చెబుతుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే లోపలికి వెళ్తారు. ఎవరు ఎంతసేపు ఆగారో గీతలుగా చూపించే ఆ పటం చూసుకోవడం గోవర్ధన్ ఉద్యోగం. పైవాళ్ళు సగటు చూసి మురిసిపోయేవారు. ఇతగాడికి అంతటితో తృప్తి ఎక్కడిది? మనిషి మనిషికీ విడదీసి చూశాడు. ప్రతి గురువారం గంటసేపు ఊరికే కూర్చుంటున్న ఆ రోగి అతని భార్య హైమ.

భుజం నొప్పికి వైద్యమని వెళ్తోంది. గంట ముందే ఎందుకు వెళ్తున్నట్టు? ఎవడికోసం? ఆ పూట అతనికి అన్నం సహించలేదు. హైమ ఆకుపచ్చ చీర కట్టుకుంటే అదీ వాడికోసమే అనిపించింది. ఆ వేళకు వచ్చే మగవాళ్ళ గీతలన్నీ వెతికాడు. ఒక్కడూ ఆగినట్టు లేదు. అనుమానం తీరకపోగా ఇంకా ముదిరింది. గీతకు కూడా దొరకనివాడు మహా తెలివైనవాడై ఉంటాడని పళ్ళు నూరుకున్నాడు.

అడిగే ధైర్యం లేక, పిలుపు రానిదే క్లినిక్ తలుపు తెరుచుకోకుండా మార్చేశాడు.

తర్వాతి గురువారం హైమ గుమ్మం దగ్గరినుంచే తిరిగొచ్చేసింది. సాయంత్రం అతను ఇంట్లో అడుగుపెట్టగానే అడిగింది.

"ఆ తలుపు మీరే మూయించారా?"

"ముందు వాడెవడో చెప్పు."

"ఎవడండీ?"

"గంటసేపు ఎవడికోసం కూర్చుంటున్నావో, వాడే!"

హైమకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అక్కడికెవరూ రారండీ. ఎక్కడున్నావు, ఇంకా రాలేదేం, ఎవరితో మాట్లాడావు అని ఆ గంటసేపూ అడిగేవాళ్ళుండరు. వైద్యమంటే మీరూ ఏమీ అడగరు కదా, అందుకని వెళ్ళేదాన్ని. భుజం ఎప్పుడో తగ్గిపోయిందండీ."

అక్కడ ఇంకో మగాడే ఉండి ఉంటే, గోవర్ధన్ వాణ్ణి తిట్టో కొట్టో తరిమేసేవాడు. నిజంగానే ఎవడో ఒకడు ఉంటే బాగుండునని ఆ క్షణాన అతనికి అనిపించింది.