హ్యాండిల్ చెప్పిన అబద్ధం

వాటర్ వర్క్స్‌లో వాల్వు ఆపరేటర్ మెట్ల మీంచి జారిపడి చచ్చిపోయాడని పోలీసులు రాసుకున్నారు. జారిపడ్డవాడి మెడ చుట్టూ వైరు గుర్తు ఎలా పడిందో మాత్రం రాయలేదు.

“అతని గుప్పిట్లో చిన్న ఆకురాయి దొరికింది. ఎందుకు పట్టుకున్నాడో అంతు చిక్కడంలేదు,” అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. “ఈరోజు పన్నెండింటికి ఊరికి నీళ్ళు వదుల్తారు. అందులో విషం కలపాలని విదేశీ ముఠా ప్లాను. అత్తరు తెచ్చిన కబురు.”

అత్తరు డబుల్ ఏజెంట్. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఇంతవరకూ మునగని అందగత్తె.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటు పేరు గుండుసూది. గుచ్చుకుంటేగానీ ఉన్నాడని తెలీదు. “సార్, మా అమ్మ ఈ ఊళ్ళోనే ఉంది. ఒక్క ఫోను...”

“వద్దు! ఒక్క అమ్మకి చెప్తే ఊరంతా గుప్పుమంటుంది. ముఠా జారుకుని ఇంకో ఊరి మీద పడుతుంది.”

పన్నెండింటికి అమ్మ కుళాయి కింద బిందె పెట్టి, మొదటి గ్లాసు తనే తాగుతుంది. గుండుసూది ఫోను జేబులో పెట్టేసి బయల్దేరాడు.

పదకొండు యాభై రెండు. ఫిట్టర్ వేషంలో వాల్వు రూములోకి దిగాడు. ఇన్‌స్పెక్టరమ్మ వేషంలో, తెల్ల హెల్మెట్, చేతులకి గ్లోవ్స్ పెట్టుకుని అత్తరు అక్కడే ఉంది.

“నీళ్ళు చల్లగా ఉన్నాయా?”

“గొంతు దిగితే తెలుస్తుంది.” కోడ్ కలిసింది.

“ఇవన్నీ బాల్ వాల్వులే,” అందామె గబగబా. “లోపల కన్నం ఉన్న ఉక్కు బంతి. కన్నం పైపు వెంట ఉంటే పారుతుంది, అడ్డం తిరిగితే ఆగుతుంది. అది వి-కట్, క్లోరిన్ కొద్దికొద్దిగా వదలడానికి. చివర్న ఉన్నది మూడు దారులది, నీళ్ళని ఊరికో, వేస్టు ట్యాంకుకో పంపుతుంది. విషం డ్రమ్ము ఈ పాత క్లీనింగ్ లైనుకి తగిలించారు. దీనిది ఫుల్ బోర్, కన్నం పైపంత వెడల్పు. పావు తిప్పితే డ్రమ్మంతా దిగుతుంది. హ్యాండిల్ చూడు, పైపు వెంటే ఉంది. తెరిచేశారు! పంపు మొదలైతే లాగేస్తుంది. అడ్డం తిప్పు!”

“నువ్వే తిప్పొచ్చుగా?”

“నాకంత బలం ఎక్కడిది?”

పావు తిప్పడానికి బలమా! గుండుసూది హ్యాండిల్ పట్టుకుని ఆగిపోయాడు. హ్యాండిల్ మధ్యలోంచి పైకి కనబడే, బంతిని తిప్పే స్పిండిల్ తల మీద ఆకురాయితో గీసిన గీత ఉంది. పక్క వాల్వుల మీద చూశాడు. అన్నిటికీ ఉంది, హ్యాండిల్ ఎటుంటే అటే. దీనికొక్కదానికే గీత అడ్డంగా ఉంది.

ఆపరేటర్ గీతలు! కన్నం ఎటుంటే గీత అటు. హ్యాండిల్ విప్పి ఎటైనా బిగించొచ్చు, గీతని తిప్పాలంటే బంతి తిరగాలి. ఆ తేడా కనిపెట్టినందుకే పాపం అతన్ని చంపేశారు. అంటే ఈ వాల్వు మూసే ఉంది. మూస్తున్నాననుకుని తనే తెరిచేవాడు. తల్లి గ్లాసులోకి తనే విషం పోసేవాడు.

“నీ చేతికి గ్లోవ్స్ ఎందుకు? ఆ మూల నావైపు తిప్పిన కెమెరా ఎందుకు?” అన్నాడు నెమ్మదిగా. “సర్కారు గూఢచారే ఊరికి విషం పెట్టాడని లోకానికి చూపిద్దామనా?”

అత్తరు పిస్తోలు పేలింది. అతని భుజం చీలింది. ఆమె ఎగిరి హ్యాండిల్ని పావు తిప్పేసింది. పన్నెండు కొట్టింది. పంపు గుర్రుమంది.

గుండుసూది మిగిలిన చేత్తో చివరి వాల్వుని వేస్టు ట్యాంకు వైపు తోసేశాడు. విషం నీళ్ళన్నీ హోరుమంటూ అటు మళ్ళాయి. రెంచి విసిరి అత్తరు మణికట్టు విరగ్గొట్టాడు. పిస్తోలు తీసుకుని ఆమెని గోడకి నిలబెట్టాడు. గీత అడ్డం వచ్చేదాకా డ్రమ్ము వాల్వు తిప్పాడు. ఐదు నిమిషాలు పైపు కడగనిచ్చి, అప్పుడు ఊరికి వదిలాడు.

పెద్దాయన మనుషులు ఆమెని తీసుకెళ్ళాక, నెత్తుటి చేత్తోనే ఫోను చేశాడు.

“అమ్మా, నీళ్ళొచ్చాయా?”

“ఇప్పుడే వచ్చాయిరా. లేటు! ఆ వాల్వు దగ్గరుండేవాడికి పని మీద బొత్తిగా శ్రద్ధ లేదు.”

గుండుసూది ఆ గీతని వేలితో తడిమాడు. అమ్మకి ఎదురు చెప్పడం అతనికి అదే మొదటిసారి.

“అతన్ని ఏమీ అనకమ్మా. ముందు నువ్వో గ్లాసు తాగు.”